బడి బోర్డుకు నిలిచిన తలిదండ్రులు

ఈ శతజయంతి సంచికలో మన డయాసిస్ పాఠశాలల పుట్టుపూర్వోత్తరములను గూర్చి పెద్దలు పలువురు వ్రాస్తున్నారు. తాటాకు పాకలలో మొదలై మేడలుగా ఎదిగిన బడులను గూర్చి, వాటికి ఆయుష్షు ధారపోసిన ఉపదేశులను, పంతులమ్మలను గూర్చి సభ్యులు ఈ పుటలలో చదువుకొంటారు. మేము ఎన్నుకొన్న సంగతి దానికి ప్రక్క ఇంటి సంగతి. బడి పెట్టినవారిని గూర్చి కాక, ఆ బడికి పిల్లలను పంపిన తల్లిని, తండ్రిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. అది మన ప్రాంతపు కథ కాదు. అమెరికా దేశములో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి డోవర్ అను చిన్న ఊరి కథ. 2005వ సంవత్సరములో అక్కడ జరిగిన బడి బోర్డు ఎన్నికలో రెండు ప్రక్కలను ఆదివారము ఆరాధనకు వెళ్ళే క్రైస్తవులు ఉన్నారు. రెండు ప్రక్కలను పాస్టర్లు కూడ ఉన్నారు. అందుచేతనే అది మన సంఘస్థులు తెలిసికొనదగిన చరిత్ర అని మాకు తోచినది.

ముందుగా ఈ బడి బోర్డు అనగా నేమో చెప్పవలెను. మన దేశములో ప్రభుత్వ పాఠశాలకు కావలసిన నిర్ణయములు చాలవరకు పైనుండి వస్తాయి. అమెరికాలో అట్లు కాదు. అక్కడ రెండు మూడు ఊళ్ళను కలిపి ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ అంటారు. డిస్ట్రిక్ట్ అన్నంత మాత్రమున మన జిల్లా అంతటిది అనుకొనరాదు, మన మండలములో సగముండవచ్చును. దానికి ఊరివారు ఓటు వేసి బోర్డును ఎన్నుకొంటారు. పెన్సిల్వేనియాలో ఆ బోర్డుకు సభ్యులు 9 మంది, పదవీకాలము 4 సంవత్సరములు, జీతము బత్తెము లేదు. బడి కొరకు ఇంటి పన్ను ఎంత వేయవలెనో, సూపరింటెండెంటుగా ఎవరిని పెట్టవలెనో, ఏ పుస్తకము కొనవలెనో నిర్ణయించేది వారే. పగలు దుకాణములోనో కర్మాగారములోనో పనిచేసి, రాత్రి బడి గదిలో కూర్చుండి బడ్జెట్టు చూచే మామూలు మనుష్యులు. సాధారణముగా ఆ ఎన్నికకు ఊరిలో సగము మంది కూడ ఓటు వేయరు.

ఆ రాష్ట్రములో ఈ ఏర్పాటు 1834వ సంవత్సరపు చట్టముతో వచ్చినది. అప్పుడు దానిని గట్టిగా ఎదిరించిన వారిలో జర్మను భాష మాటలాడే లూథరను, మెన్నొనైట్ సంఘములవారు ఉన్నారు. వారికి తమ గుడి ప్రక్కనే తమ బడి ఉన్నది. ప్రజల పన్నుతో అందరికి ఒకే బడి వస్తే పిల్లల భాషయు, భక్తియు రెండును పోతాయని వారి భయము. మరుసటి సంవత్సరము ఆ చట్టమును రద్దు చేయుటకు శాసనసభలో గట్టి ప్రయత్నము జరుగగా, థడ్డియస్ స్టీవెన్స్ అను సభ్యుడు చేసిన ప్రసంగమువలన అది నిలిచినది. గుడికిని బడికిని నడుమ గోడ ఎక్కడ కట్టవలెనను తగవు ఆ రాష్ట్రములో ఆనాటినుండియు ఉన్నదన్నమాట.

తరువాతి నూరేండ్లలో ఆ గోడ అటునిటు జరుగుతూ వచ్చినది. పెన్సిల్వేనియా చట్టము ప్రకారము ప్రతి దినము బడిలో పరిశుద్ధ గ్రంథమునుండి 10 వచనములు వ్యాఖ్యానము లేకుండ చదువవలసియుండెను. ఎడ్వర్డ్ షెంప్ అను ఒక తండ్రి, తన పిల్లలకు ఇది వద్దని కోర్టుకు వెళ్ళినాడు. 1963లో సుప్రీంకోర్టు 8 మంది ఒక ప్రక్క, ఒకరు ఒక ప్రక్కగా ఆయన పక్షమున తీర్పు చెప్పినది. బైబిలును బడినుండి వెళ్ళగొట్టినారని సంఘములలో అనేకులు బాధపడ్డారు. అయితే ఆ తీర్పులోనే, గ్రంథమును సాహిత్యముగాను చరిత్రగాను పాఠము చెప్పుటకు అడ్డము లేదని న్యాయమూర్తులు స్పష్టము చేశారు. ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ.

ఇక సృష్టిని గూర్చిన తగవు వేరొక పాయ. 1925లో టెన్నెసీ రాష్ట్రపు డేటన్ ఊరిలో పరిణామవాదము బోధించినాడని ఒక ఉపాధ్యాయునికి 100 డాలర్ల జుల్మానా వేసిన వ్యాజ్యము లోకమంతట తెలిసినదే. 1982లో ఆర్కాన్సాస్ రాష్ట్రములో, పరిణామవాదముతోపాటు సృష్టివాదమును విజ్ఞానశాస్త్రముగా సమానముగా బోధించవలెనను చట్టమును ఫెడరల్ కోర్టు కొట్టివేసినది. మన పాఠకులలో చాలమందికి తెలియని విషయమేమనగా, ఆ చట్టము వద్దని కోర్టుకెక్కిన వారిలో మొదటి పేరు ఒక మెథడిస్టు పాస్టరుది. ఆయన వెనుక మెథడిస్టు, ఎపిస్కోపల్, రోమను కతోలిక సంఘముల బిషప్పులు ఉన్నారు. 1987లో లూయిసియానా చట్టమును సుప్రీంకోర్టే కొట్టివేసినది. ఆ తరువాత దేవుని పేరు ఎత్తకుండ, ఈ లోకమును తెలివిగల యొక రూపకర్త చేసినాడని మాత్రము చెప్పే వాదము బయలుదేరినది. దానికి ఇంటెలిజెంట్ డిజైన్ అని పేరు. మనము ఇక్కడ రూపకర్త వాదము అందుము.

డోవర్ ఊరు యార్క్ కౌంటీలో ఉన్నది. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో సుమారు 3,700 మంది పిల్లలు, అందులో హైస్కూలులో సుమారు 1,000 మంది. 2004వ సంవత్సరము వేసవిలో తొమ్మిదవ తరగతికి జీవశాస్త్ర పుస్తకము కొనవలసి వచ్చినది. బోర్డు సభ్యులలో కొందరు ఆ పుస్తకము నిండ డార్విన్ ఉన్నాడని ఆక్షేపించి కొనుగోలు నిలిపినారు. సమావేశములలో మాటలు పెరిగినవి. అక్టోబరు 18వ తేదీన బోర్డు 6 ఓట్లకు 3 ఓట్ల తేడాతో ఒక తీర్మానము చేసినది. డార్విన్ సిద్ధాంతములోని లోపములను, రూపకర్త వాదము మొదలగు ఇతర సిద్ధాంతములను విద్యార్థులకు తెలియజేయవలెనని దాని సారాంశము. వ్యతిరేకముగా ఓటు వేసినవారిలో ఒక భార్యాభర్తల జంట ఉన్నది. ఇద్దరును ఆ రాత్రియే తమ సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చినారు.

తరువాత తరగతిలో చదువుటకు ఒక ప్రకటన తయారైనది. చదువుటకు ఒక్క నిమిషము పట్టును. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు మాత్రము తాము దానిని చదువమని వ్రాసి ఇచ్చినారు. 2005 జనవరిలో అధికారులే తరగతి గదికి వచ్చి చదివినారు. ఉపాధ్యాయులు ఆ నిమిషము గది వెలుపల నిలువబడ్డారు. ఇష్టము లేని పిల్లలు కూడ తలిదండ్రుల చీటి తెచ్చి బయటకు పోవచ్చును. తన గురువు తలవంచుకొని బయటకు వెళ్ళగా, ఎన్నడును పాఠము చెప్పని అధికారి వచ్చి కాగితము చదివి వెళ్ళిపోగా, 14 ఏండ్ల పిల్ల దానినుండి ఏమి నేర్చుకొనును? దేవుడున్నాడనియా? పెద్దలు పోట్లాడుకొనుచున్నారనియా? ఆ నిమిషమంత సేపటిలో సువార్త ఏమియు చెప్పబడలేదని మా అభిప్రాయము.

అంతకు ముందే, 2004 డిసెంబరు 14న, 11 మంది తలిదండ్రులు ఫెడరల్ కోర్టులో వ్యాజ్యము వేశారు. టామీ కిట్జ్‌మిల్లర్ అను తల్లి పేరు మొదట ఉండుటచేత ఆ వ్యాజ్యమునకు ఆమె పేరే వచ్చినది. ఆ 11 మందిలో బ్రయన్ రీమ్, ఆయన భార్య క్రిస్టీ ఉన్నారు. బ్రయన్ ఒకప్పుడు అదే డోవర్ హైస్కూలులో భౌతికశాస్త్రము బోధించినవాడు. దంపతులిద్దరును సంఘములో పనిచేసేవారు. మన సెలవుల బైబిలు బడివంటిది అక్కడను ఉన్నది. దానిలో పిల్లలకు పాఠములు చెప్పేవారు. అటువంటివారిని ఊరిలో కొందరు నాస్తికులన్నారు. ఆదివారము పాటలు నేర్పే చేతులను సోమవారము నాస్తికుని చేతులని పిలువగలిగినంతగా ఊరు చీలిపోయినది.

వ్యాజ్యము ఒక ప్రక్క నడుచుచుండగా ఈ తలిదండ్రులలో కొందరు ఇంకొక పని ఆలోచించినారు. కోర్టు ఒక తీర్మానమును కొట్టివేయవచ్చును గాని బోర్డులో కూర్చున్న మనుష్యులను మార్చలేదు. దానికి ఊరి ఓటే కావలెను. అంతకు ముందు రాజీనామాలవలన ఖాళీ అయిన స్థానములలో బోర్డువారే క్రొత్తవారిని నియమించుకొనియుండుటచేత, 2005 నవంబరులో 9 స్థానములలో 8 స్థానములకు ఒక్కసారే ఎన్నిక వచ్చినది. ఇట్టి అవకాశము మరల మరల రాదు. డోవర్ కేర్స్ అను పేరుతో 8 మంది ఒక జట్టుగా నిలిచినారు. బ్రయన్ రీమ్ వారిలో ఒకడు. జట్టులో రిపబ్లికన్ పార్టీవారును డెమొక్రాటిక్ పార్టీవారును కలిసియున్నారు. ఆ ప్రాంతము రిపబ్లికన్లకు పెట్టని కోట. అక్కడి పద్ధతి ప్రకారము మే నెలలో పార్టీలలోపల ప్రైమరీ ఎన్నిక జరుగును. బడి బోర్డుకు మాత్రము ఒకే మనిషి రెండు పార్టీలలోను పోటీ చేయవచ్చును. రిపబ్లికన్ వైపు పాత సభ్యులు గెలిచినారు. డెమొక్రాట్ వైపు ఈ జట్టువారు గెలిచినారు. జన్మతః రిపబ్లికన్లయిన కొందరు డెమొక్రాట్ల చీటీమీద నవంబరు ఎన్నికకు వెళ్ళవలసి వచ్చినది.

ఈ జట్టు తరఫున పత్రికలవారితో మాటలాడినది బ్రెదరెన్ సంఘమునకు చెందిన ఒక విశ్రాంత పాస్టరు. ఎదుటి జట్టు అభ్యర్థులలోను ఒక సంఘ కాపరి ఉన్నాడు. మా వంటివారికి ఈ సంగతి కొంచెము ఆగి ఆలోచింపదగినది. ఇద్దరును అదే గ్రంథమును తెరిచి బోధించేవారు. ఇద్దరికిని పిల్లల మేలే కావలెను. మేము వేదాంత కళాశాలలో చదివిన దినములలో ఆదికాండము తొలి అధ్యాయములను గూర్చి గంటలకొలది చర్చించేవారము. ఆ చర్చలో ఓడినవాడు గెలిచినవానితోనే భోజనశాలకు వెళ్ళేవాడు. ఓటు పెట్టె మధ్యకు వచ్చినప్పుడు అది అంత తేలిక కాదు.

డోవర్ కేర్స్ వారు ఇంటింటికి తిరిగినారు. రూపకర్త వాదమును గూర్చి పిల్లలు బడిలో వినరాదని వారు అనలేదు. తత్త్వమో, మతముల పరిచయమో చెప్పే ఐచ్ఛిక తరగతిలో దానిని చెప్పుకొనవచ్చును గాని విజ్ఞానశాస్త్ర తరగతిలో కాదని వారి వాదము. కొన్ని ఇండ్లలో కూర్చోబెట్టి విన్నారు, కొన్ని ఇండ్లలో తలుపు వేశారు. ఓటు అడుగుటకు తలుపు తట్టినవానికి ఇది మన ఊళ్ళలోను అనుభవమే.

అదే సమయమున కోర్టులో విచారణ సెప్టెంబరు 26న మొదలై నవంబరు 4న ముగిసినది. తలిదండ్రుల పక్షమున మొదట సాక్ష్యమిచ్చిన జీవశాస్త్రజ్ఞుడు కెన్నెత్ మిల్లర్ కతోలిక విశ్వాసి. జాన్ హాట్ అను కతోలిక వేదాంతి కూడ సాక్ష్యమిచ్చి, రూపకర్త వాదము విజ్ఞానము కాదని, అది మతసంబంధమైన వాదమని చెప్పినాడు. బోర్డు సిఫారసు చేసిన ఆధార గ్రంథపు పాత వ్రాతప్రతులు కోర్టులో తెరిచినప్పుడు, 1987 తీర్పుకు ముందు సృష్టివాదమని ఉన్నచోటనే తరువాతి ప్రతిలో రూపకర్త వాదమని మార్చినట్లు బయటపడ్డది. ఆ పుస్తకము 60 ప్రతులు హైస్కూలు గ్రంథాలయమునకు ఎవరో దాతలు ఇచ్చినారని ఊరివారికి చెప్పియుండిరి. విచారణలో తెలిసినదేమనగా, బోర్డు సభ్యుడొకడు తన గుడిలోనే చందా ప్రోగుచేసి, ఆ సొమ్మును మరియొక సభ్యుని తండ్రి ద్వారా పంపినాడు. ముందు ప్రమాణము చేసి ఇచ్చిన వాఙ్మూలములలో ఇద్దరును ఈ సంగతి చెప్పలేదు.

సృష్టిని గూర్చి ఎవరి నమ్మకము వారికుండును. ఈ చందా సంగతి మాత్రము మమ్మును ఎక్కువ బాధించినది. గుడిలో చందా ఎత్తుట తప్పు కాదు. పిల్లలకు పుస్తకము కొనుట తప్పు కాదు. తాము విశ్వాసముతో చేసిన పనియని నమ్మినప్పుడు దానిని దాచవలసిన అవసరమేమి? దేవుని పక్షమున నిలిచినామని చెప్పేవారు ప్రమాణము చేసిన తరువాత నిజము దాచితే, ఎదుట కూర్చున్న పిల్లలు ఆ పుస్తకముకంటె దీనినే బాగుగా చదువుకొంటారు. రీమ్ వంటి తలిదండ్రులు బోర్డుకు నిలుచుటలో డార్విన్‌మీది ప్రేమకంటె ఇదియే పెద్ద కారణమని మేము గ్రహించినాము. ఊరివారు ఓటు వేసి పంపిన పెద్దలు ఊరివారితో నిజము చెప్పవలెనని వారు కోరినారు.

విచారణ శుక్రవారము ముగిసినది. నవంబరు 8 మంగళవారము ఎన్నిక. తీర్పు ఇంకను రాలేదు. కనుక ఓటర్లు కోర్టు మాట విని ఓటు వేశారని చెప్పుటకు వీలు లేదు. 8 స్థానములలోను పాత సభ్యులు ఓడిపోయినారు. తేడా పెద్దది కాదు. కొన్ని వందల ఓట్లలోపే. ఊరిలో ఇంచుమించు సగము మంది పాతవారికే ఓటు వేశారని మరువరాదు. రెండు దినముల తరువాత ప్యాట్ రాబర్ట్‌సన్ అను టెలివిజన్ సువార్తికుడు, డోవర్ ప్రజలు దేవుని తమ ఊరినుండి తోసివేసినారని, ఇక ఆపద వస్తే ఆయనకు మొరపెట్టవద్దని తన కార్యక్రమములో అన్నాడు. ఆ మాట విన్న డోవర్‌వారిలో ఆ వారమే ప్రార్థనకు మోకరించినవారు ఎందరో ఉంటారు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పవలసియున్నది. మన మిషను బడులలో క్రైస్తవ పిల్లలకు స్క్రిప్చర్ పీరియడు, ఇతరులకు నీతిబోధ పీరియడు అని విడివిడిగా ఉండుట పెద్దలందరికిని జ్ఞాపకమే. అది ఎవరి దయాదాక్షిణ్యముమీద వచ్చినది కాదు. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయము గాని పొందిన బడిలో, తలిదండ్రుల సమ్మతి లేకుండ పిల్లవానిని మతబోధకు కూర్చుండబెట్టరాదని మన రాజ్యాంగము 28వ అధికరణములో ఉన్నది. మైనారిటీలుగా మన బడులను మనము నడుపుకొనే హక్కు 30వ అధికరణములో ఉన్నది. ఈ రెండును ఒకే చెట్టు కొమ్మలు. మన బడిలో హిందువుల బిడ్డకు, ముసల్మాను బిడ్డకు ఇచ్చిన గౌరవమే, మన బిడ్డ ప్రభుత్వ బడిలో కూర్చున్నప్పుడు మనము అడుగుతాము. డోవర్ తలిదండ్రులు అడిగినది దీనికి చాల దగ్గరగా ఉన్నది.

బోర్డుకు నిలుచుట అను పనియు మనకు పూర్తిగా క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి చట్టముతో ప్రభుత్వ బడులకు తలిదండ్రులు ఎన్నుకొనే విద్యా కమిటీలు వచ్చినవి. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. పన్ను వేసే అధికారము, పాఠ్యపుస్తకము మార్చే అధికారము వారికి లేవు. మధ్యాహ్న భోజనము, మరుగుదొడ్డి, ఉపాధ్యాయుని హాజరు మాత్రము వారు అడుగవచ్చును. మన సంఘములలోని తల్లులు అనేకులు కూలికి పోతూ బిడ్డలను ఈ బడులకే పంపుతున్నారు. కమిటీకి నిలుచుటకు మాత్రము, అది చదువుకొన్నవారి పని అని వెనుకకు తగ్గుతారు. డోవర్‌లో నిలిచినవారికి కూడ ఆ పనిలో ముందు అనుభవమేమియు లేదు.

తీర్పు 2005 డిసెంబరు 20న వచ్చినది. 139 పుటలు. వ్రాసినది జాన్ జోన్స్ అను న్యాయమూర్తి. లూథరను సంఘస్థుడు, రిపబ్లికన్, అధ్యక్షుడు జార్జి బుష్ నియమించినవాడు. రూపకర్త వాదము విజ్ఞానశాస్త్రము కాదని, బోర్డు చేసిన తీర్మానము రాజ్యాంగ విరుద్ధమని ఆయన తేల్చినాడు. సభ్యులు కొందరు నిజము చెప్పలేదని కఠినముగా వ్రాసినాడు. దానికి ఆయనకు చంపుదుమని బెదిరింపులు వచ్చి, కొంతకాలము ఆయన ఇంటికి ఫెడరల్ మార్షల్స్ కాపలా ఉండవలసి వచ్చినది.

క్రొత్త బోర్డు అప్పీలుకు వెళ్ళలేదు. 2006 జనవరి 3న పాత తీర్మానమును రద్దు చేసినది. గెలిచినందుకు సంతోషపడుటకు వారికి ఎక్కువ తీరిక లేదు, ఎందుకనగా ఓడినపక్షము గెలిచినపక్షపు వకీళ్ళ ఖర్చు చెల్లించవలెను. ఓడినపక్షము ఇప్పుడు తామే. తమ వ్యాజ్యము ఖర్చు తాము కూర్చున్న బోర్డే కట్టవలసిన వింత పరిస్థితి. ఖర్చు 20 లక్షల డాలర్లు దాటినది. వకీళ్ళు చాల తగ్గించుకొని, 2006 ఫిబ్రవరిలో 10 లక్షల 11 డాలర్లకు ఒప్పుకొన్నారు. 10 లక్షలు ఖర్చుల క్రింద. 11 డాలర్లు నష్టపరిహారము క్రింద, వ్యాజ్యము వేసిన 11 మంది తలిదండ్రులకు తలకొక్క డాలరు.

బ్రయన్ రీమ్ గెలుపు మాత్రము అందరితోపాటు నిశ్చయము కాలేదు. ఒక పోలింగు కేంద్రములో ఓటు యంత్రము సరిగా పనిచేయలేదని ఆయన ప్రత్యర్థి కోర్టుకు వెళ్ళగా, ఆ ఒక్క కేంద్రములో మరల ఎన్నిక పెట్టినారు. జనవరి 3న, బోర్డు తీర్మానము రద్దయిన దినముననే, ఆ కేంద్రపు ఓటర్లు రెండవసారి వరుసలో నిలిచినారు. ఆయనయే గెలిచినాడు.